పాండురంగాపురంలో 1962 నాటి ఇల్లు: కొనేముందు బయటి నుంచి ఏమేం చూడాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటోలు నాలుగుసార్లు చూశాను. విశాఖపట్నంలో, బీచ్ రోడ్డుకి రెండు సందులు లోపల, మూడు వందల గజాల్లో 1962లో కట్టిన ఇల్లు. కింద ఇల్లంతా, పైన ఒక్క గది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు కాబట్టి పెద్దాయన అమ్మేస్తున్నారు. మీ ఆవిడకి ఇంటి ముఖం నచ్చలేదు, "పాత గవర్నమెంటాఫీసులా ఉంది" అన్నారు. బ్రోకరేమో "స్థలం రేటే కదండీ, ఎలివేషన్‌దేముంది, ముందు ఏసీపీ షీటు కొట్టిస్తే కొత్తిల్లయిపోద్ది" అన్నాడు (ఏసీపీ అంటే గోడ ముందు బిగించే అల్యూమినియం పలక). లోపలికి ఇంజినీరుని తీసుకెళ్లేముందు, బయటి నుంచి చూసి మీ అంతట మీరు ఎంతవరకు తేల్చుకోగలరో చెప్పమన్నారు. చాలావరకు తేల్చుకోవచ్చు.

నా సంగతి ముందే చెప్తాను. మా నాన్న తాపీ మేస్త్రీ. ఆ రోజుల్లో మహారాణిపేట, వాల్తేరు అప్‌లాండ్స్ వైపు చాలా ఇళ్లకి ఆయన చెయ్యి పడింది. నేను డిప్లొమా చదివి ముప్ఫై ఏళ్లుగా పాత ఇళ్ల రిపేర్లే చేస్తున్నాను. ఆ కాలపు ఇళ్లంటే నాకు ఇష్టం, ఆ పక్షపాతం లెక్కలో వేసుకునే చదవండి. ఇష్టపడి కొనేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లని కూడా చూశాను, వాళ్లలో మా బావమరిది ఒకడు. అతని కథ కాసేపట్లో వస్తుంది.

ముందు మీ ఆవిడ మాటకి వద్దాం. ఆవిడ "ఆఫీసులా ఉంది" అన్నది దేన్ని చూసి? రెండో ఫొటో పెద్దది చేసి చూడండి. వరండాకి అల్యూమినియం ఫ్రేములో నల్లద్దాలు బిగించారు. పోర్టికో ముందు కారు కోసం రేకుల షెడ్డు దించారు. గోడకి నడుం ఎత్తు దాకా గోధుమరంగు టైల్స్ అంటించారు. ప్రహరీ మీద మూడు వరసల సిమెంటు దిమ్మలు పేర్చి ఎత్తు పెంచారు. ఇవేవీ 1962వి కావు. ఇల్లు కట్టిన ముప్ఫై ఏళ్లకో నలభై ఏళ్లకో, ఒక్కో అవసరానికి ఒక్కోటి తగిలించారు. వాటి వెనక ఏముందో చూడండి. మూల దగ్గర గుండ్రంగా తిరిగిన పోర్టికో. ముందు గోడ నుంచి పక్క గోడకి తెగకుండా సాగిన సన్‌షేడ్ పట్టీ. ఎడమ పక్క సిమెంటు జాలీల గోడ, దాని అవతల బహుశా మెట్లు ఉంటాయి. పైన మెట్లుమెట్లుగా దిగిన పిట్టగోడ, దాని మధ్యలో సిమెంటుతో పోసిన అంకెలు. మీకు నచ్చనిది ఆ షెడ్డూ నల్లద్దాలూ అయితే, అవి విప్పడానికి రెండు రోజుల పని. అసలు ఇంటి కొలతలే నచ్చకపోతే, అంటే పోర్టికో పొట్టిగా, కిటికీలు అడ్డదిడ్డంగా అనిపిస్తే, ఏ షీటు కొట్టించినా ఆ బాధ పోదు. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు ఆవిడని రోడ్డు అవతల నిలబెట్టి, చేత్తో షెడ్డుని కప్పుకుని చూడమనండి. నవ్వకండి, ఇది పనిచేస్తుంది.

మన ఊళ్లో ఆ కాలపు ఇళ్లు ఎందుకు అలా ఉంటాయో రెండు ముక్కల్లో చెప్తాను, చూసేటప్పుడు పనికొస్తుంది. 1933లో పోర్టు తెరిచారు, తర్వాత షిప్‌యార్డు వచ్చింది, 1957లో రిఫైనరీ వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ 1930 నుంచే ఇక్కడ ఉంది. ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు స్థలాలు కొని కట్టుకున్నారు. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి పద్ధతులూ అక్కడివే. అంతకుముందు డాబా అంటే మద్రాసు టెర్రేసే. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, ఆ పైన సున్నంతో కొట్టిన గచ్చు. ఆ తర్వాత ఇనుము వేసిన సిమెంటు స్లాబు మామూలు ఉద్యోగస్తుడికి కూడా అందుబాటులోకి వచ్చింది. స్లాబు వచ్చాకే గోడ బయటికి రెండడుగులు చాచిన సన్‌షేడ్లు, స్తంభం లేకుండా నిలబడే పోర్టికోలు కట్టగలిగారు. ఆ కాలపు ఇళ్ల అందమంతా ఆ అడ్డగీతల్లో ఉంది. మన ఉప్పుగాలికి మొదట తినేసేదీ వాటినే.

అందుకే ఎక్కువసేపు సన్‌షేడ్ల దగ్గరే నిలబడండి. మన మేస్త్రీలు సన్‌సైడ్ అంటారు. కింద నిలబడి తలెత్తి అడుగు భాగం చూడండి. పెచ్చులూడి లోపలి ఇనుప సువ్వలు కనిపిస్తున్నాయా, లేక సువ్వ పొడుగునా సన్నటి పగులు, దాని అంచున ఎర్రటి మరక ఉన్నాయా? ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, అసలు పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్ల దాకా. ఆ ఒత్తిడికి బయటి కాంక్రీటు విచ్చుకుంటుంది. ఇప్పటి కోడ్, అంటే కాంక్రీటు పనికి జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456, సముద్రపు గాలి తగిలే కాంక్రీటులో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఇనుముని కప్పే కాంక్రీటు మందం, ఉండాలంటుంది. మీ ఇంటి వయసున్న సన్‌షేడ్ ముక్క విరిచి చూస్తే చాలాచోట్ల అర అంగుళం కూడా ఉండదు. అప్పటి మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు, మూడంగుళాల మందం పలకలో కవరుకి చోటెక్కడిది.

అడుగు భాగం పెచ్చులూడితే అందరూ భయపడతారు. నేను భయపడేది పైభాగం చూసి. సన్‌షేడ్ గోడలోంచి బయటికి చాచిన చెయ్యి లాంటిది. దాన్ని పట్టి ఉంచే ముఖ్యమైన సువ్వలు పైవైపున, గోడ దగ్గర ఉంటాయి. అడుగున పెచ్చులూడితే రిపేరు. పైవైపు గోడని ఆనుకుని పొడుగునా గీత పడితే, అందులో నీళ్లు దిగుతుంటే, అది ఏదో ఒక రోజు ఒక్కసారిగా విరిగి పడుతుంది. ఇంకో గొడవ కూడా ఉంది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్లు పడి పై సువ్వ కిందకి దిగిపోయేది, మా నాన్న దానికోసం రోజంతా అరుస్తూనే ఉండేవాడు. అలా దిగిపోయిన చోట పలకకి బలమే లేదు, ఇన్నాళ్లూ అలవాటు మీద నిలబడి ఉందంతే.

ఇప్పుడు మా బావమరిది సంగతి. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన రెండేళ్లకి లాసన్స్ బే కాలనీలో అదే వయసు ఇల్లు కొన్నాడు. నన్ను పిలవలేదు, ఎందుకు పిలవలేదో అది వేరే కథ. ఇల్లు తళతళలాడిపోతోంది, పుట్టీ పెట్టి రెండు కోటింగులు రంగేశారు. అప్పటి మధ్యవర్తి "పెద్దవాళ్లు ఇంటిని కన్నబిడ్డలా చూసుకున్నారండీ" అన్నాడట. మొదటి వానాకాలంలోనే పడక గది కిటికీ మీద సన్‌షేడ్, ఏడడుగుల ముక్క, రాత్రి రెండింటికి ఊడి కింద పడింది. పొద్దున్నే వెళ్లి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాను. విరిగిన అంచులో నాలుగు సువ్వలు ఉండాలి. మూడు చోట్ల ఎర్రటి పొడి, మిగిలిన ఒక్కటి పెన్సిల్ ముల్లంత. వాటి మీద కొత్త సిమెంటు పూత, పూత మీద పుట్టీ, పుట్టీ మీద ఖరీదైన రంగు. రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

మీకు పంపిన ఫొటోలు నాలుగూ ముందు వైపువే, నాలుగింటిలోనూ గోడలకి కొత్త క్రీము రంగు. అమ్మకానికి పెట్టే ముందు రంగెయ్యడం తప్పేం కాదు, అమ్మాయికి పెళ్లిచూపులంటే మనం మాత్రం ముస్తాబు చెయ్యమూ? కానీ ముస్తాబు ఎంతవరకు వచ్చిందో చూడాలి. ముందు గోడకి, రెండు పక్క గోడల్లో రోడ్డుకి కనిపించేంత మేరకి వేసి ఆపేస్తారు. వెనక సందుకి ఎవరూ వెయ్యరు. అందుకే నేను ఏ పాత ఇంటికి వెళ్లినా గేటు తీయగానే నేరుగా వెనక్కి నడుస్తాను. ఇంటికీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు, పోత ఇనుప గొట్టాలు, బావి పళ్లెం, విరిగిన కుండీలు. అక్కడ ఇల్లు తన వయసు దాచుకోదు. మురుగు గొట్టం కీళ్ల దగ్గర గోడ పచ్చగా నాచు పట్టిందా? ఆ ఎత్తులోనే గోడ అవతల బాత్రూమ్ ఉంటుంది, చెమ్మ లోపలికి దిగినట్టే. గొట్టం బిగించిన బిళ్లలు ఊడి వేలాడుతున్నాయా? పోత ఇనుము గొట్టం వెనకవైపు, అంటే గోడవైపు, చిల్లు పడుతుంది. ముందు నుంచి చూస్తే నిక్షేపంగా కనిపిస్తుంది. వేలు వెనక్కి పోనిచ్చి తడమండి.

చెమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్తాను. ఆ రోజుల్లో సిమెంటు మీద ప్రభుత్వ కంట్రోలు ఉండేది, 1982లో సగం, 1989లో పూర్తిగా ఎత్తేశారు. దొరికిన బస్తాలు స్లాబుకే వాడి, గోడలు డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో, కట్టినవాళ్లు ఎంతోమంది. సున్నపు గోడ చెమ్మని పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు ఎక్కిస్తే లోపలి చెమ్మకి దారి మూసుకుపోతుంది. ఏడాది తిరిగేసరికి బుడగలు, బుడగ గిల్లితే లోపల తెల్లటి ఉప్పు పొడి. గోడకి అంటించిన టైల్స్ ఇంకా ఘోరం. మీ ఫొటోలో నడుం ఎత్తు దాకా ఉన్న గోధుమరంగు టైల్స్ చూడగానే నాకొచ్చిన అనుమానం అదే. అందం కోసమైతే పైదాకా అంటించేవారు. నడుం ఎత్తులో ఆపారంటే అక్కడిదాకా చెమ్మ ఎక్కి ఉంటుంది, అది కనబడకుండా కప్పారు. టైల్ మీద వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. గుల్ల శబ్దం వచ్చిన చోట వెనక పూత గోడని వదిలేసింది. టైల్స్ ఆగిన గీత పైన ఒక జానెడు మేర రంగు ఉబ్బిందేమో చూడండి. కప్పిన చెమ్మ పైకి ఎగబాకుతుంది, చోటు మారుతుందే తప్ప పోదు. బ్రోకరు చెప్పిన ఏసీపీ షీటు కూడా ఇదే జాతి. షీటు వెనక ఏం కుళ్లుతోందో మీ మనవడి పెళ్లికి తెలుస్తుంది.

గోడ అసలు పొర ఏమిటో తెలుసుకోవాలంటే రూపాయి బిళ్ల చాలు. గొట్టం వెనకో, మీటరు పెట్టె కిందో, ఎవరికీ కనిపించని చోట, అడిగి మరీ గీకండి. కిందటి కార్తీకంలో మహారాణిపేటలో ఒక ఇంట్లో అలా గీకాను. పైన క్రీము, దాని కింద లేత ఆకుపచ్చ స్నోసెమ్ సిమెంటు రంగు, దాని కింద పసుపు, ఆ కింద నీలిమందు కలిపిన వెల్ల మూడు నాలుగు పొరలు, అట్టడుగున గుడ్డు పెంకులా నున్నగా మెరిసే సున్నపు పూత. ఇంటావిడ పక్కనే నిలబడి "ఆ ఆకుపచ్చ మా పెళ్లినాటిదండీ" అంది. ఆ నున్నటి పూత తగిలిందంటే మీరు అదృష్టవంతులు, దాని జోలికి పోకుండా మళ్లీ సున్నమే వేయించుకోండి.

నల్లటి చారలు చూసి కంగారు పడకండి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు ఇళ్లకి పోర్టు దుమ్ము పట్టి గోడంతా ఒకే తీరుగా నల్లబడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి అంటుకుంటుంది, గోడకి వచ్చిన ప్రమాదమేం లేదు. బీచ్ వైపు ఇళ్లలో నల్లగా కనిపించేది ఎక్కువగా నాచు, అది నీళ్లు కారిన దారి వెంటే ఉంటుంది. చార ఎక్కడ మొదలైందో పైకి చూసుకుంటూ వెళ్లండి. సన్‌షేడ్ అంచు అడుగున ఒక సన్నటి గాడి ఉంటుంది, అర అంగుళం వెడల్పు. వాన నీరు అంచు దాకా వచ్చి ఆ గాడి దాటలేక కింద రాలిపోవడానికి పెట్టింది. ప్రతి పదేళ్లకీ పూతలూ రంగులూ వేసేవాళ్లు ఆ గాడిని పూడ్చేస్తారు. ఇక నీరు అడుగు భాగం వెంట వెనక్కి పాకి గోడలోకి దిగుతుంది. గాడి మళ్లీ చెక్కించడం ఒక మేస్త్రీకి ఒకటి రెండు రోజుల పని. ఇంత చిన్న కారణానికి గోడలు పాడైన ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను. కొనేటప్పుడు బేరానికి మాత్రం ఆ చారలు బాగా పనికొస్తాయి, మొహమాటపడకండి.

పగుళ్ల సంగతి. బీటలన్నీ ఒకటి కావు. స్లాబు కింద, గోడ పైఅంచున అడ్డంగా తిన్నటి గీత దాదాపు ప్రతి పాత డాబాకీ ఉంటుంది. మన వేసవికి స్లాబు సాగుతుంది, గోడ సాగదు, ఆ రెంటి మధ్య అతుకు విడుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ దాన్ని చూసి ఇల్లు వదులుకోనక్కర్లేదు. పై గదికీ కింది ఇంటికీ మధ్య, లేదా తర్వాత కట్టిన వంటగదికీ పాత గోడకీ మధ్య నిలువు పగులు ఉంటే, పాతా కొత్తా కలవలేదన్నమాట, అదీ పెద్ద జబ్బు కాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా పైకి ఎక్కే పగులు, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉంటే ఆగండి. రూపాయి బిళ్ల అంచు అందులో దూరితే ఇంజినీరు చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. పునాది ఒక పక్క దిగుతోంది. వాల్తేరు మెరక మీద ఎర్రమట్టి, దాని కింద కొండరాయి కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. పాత గెడ్డల (వాగుల) పక్కన, పూడ్చిన గుంటల మీద కట్టినవాటికి ఎక్కువ. పగులు పాతదో ఇంకా కదులుతోందో తెలియాలంటే దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క సిమెంటుతో అంటించి రెండు మూడు నెలలు చూడాలి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఆ పగులులో పాత రంగు ఉందా, సాలెగూడు ఉందా, లేక ఇటుక తాజాగా ఎర్రగా కనిపిస్తోందా చూడండి. తాజా ఎరుపు మంచిది కాదు.

గోడ మధ్యలో తలుపు ఆకారంలో సన్నటి గీత కనిపిస్తే మాత్రం పగులనుకోకండి, అది వాస్తు. ఎవరో సిద్ధాంతి చెప్పాడని వాకిలి మూసి ఇంకో పక్క తెరిచి ఉంటారు. మీరు కొన్నాక మీ సిద్ధాంతి మళ్లీ పాతచోటే తెరవమంటాడు. అలా ఒకే గోడని మూడుసార్లు కోసిన ఇల్లు నాకు తెలుసు.

నవ్వుకున్నా, అందులో ఒక అసలు విషయం ఉంది. మీ ఇంటికి పిల్లర్లు ఉండవు. గోడలే బరువు మోస్తాయి. ముందు గోడ తొమ్మిదంగుళాలో పదమూడున్నరో, కిటికీ లోపలి అంచు కొలిస్తే తెలుస్తుంది. అందుచేత "ఎలివేషన్ మార్చేద్దాం" అని ముందు గోడలో పెద్ద అద్దాల కోసం కన్నం కొట్టడం, రెండు కిటికీల మధ్య గోడ తీసెయ్యడం కుదరని పని. ఇంతకుముందు ఎవరైనా అలాంటి పని చేశారా అన్నది బయటి నుంచే కనిపెట్టాలి. కింద కిటికీ పైన కిటికీ ఒకే వరసలో లేకపోతే, ఒక కిటికీ మిగతా వాటికన్నా వెడల్పుగా ఉంటే, దాని మీద సన్‌షేడ్ కొంచెం కిందకి వంగి ఉంటే, అడగండి.

పై గది వయసు మీద నాకు అనుమానం ఉంది. కింద పిట్టగోడ మెట్లుమెట్లుగా ఉంది, పై గది పిట్టగోడ బల్లపరుపుగా ఉంది. కింద కిటికీలకి టేకు చట్రాలు, నిలువు ఊచలు. పైన ఇనుప గ్రిల్లు. అక్కడెక్కడైనా పెచ్చు ఊడి సువ్వ కనిపిస్తే దగ్గరగా చూడండి. 1962 నాటి సువ్వ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తాడులా మెలితిరిగి ఉంటే అది టార్ సువ్వ, మన దేశంలో 1960ల చివర నుంచీ వాడకంలోకి వచ్చింది. అంటే గది తర్వాత ఎక్కించారన్నమాట, దానికి ప్లాను ఉందో లేదో కూడా అడగాలి. ఆ గది మీద రెండు నల్ల ట్యాంకులు కనిపిస్తున్నాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. రెండూ స్లాబు మధ్యలో కూర్చోబెట్టారా, గోడల మీద దిమ్మ కట్టి పెట్టారా అన్నది రోడ్డు మీద నుంచే తెలుస్తుంది. మూడో ఫొటోలో మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. అవి దింపించడం మొదటి పని.

నేల మట్టం ఎవరూ చూడరు. రోడ్డు మీద తారు మీద తారు వేసుకుంటూ పోతే అరవై ఏళ్లలో రోడ్డు లేచిపోతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. మీ గేటు దగ్గర నుంచుని చూడండి, లోపలి గచ్చు రోడ్డుకన్నా ఎత్తా పల్లమా? ఇంటి బేస్‌మెంటు ఎన్ని మెట్లు మిగిలింది? అప్పట్లో మూడు మెట్లకి తక్కువ కట్టేవారు కారు. ఇప్పుడు ఒకటిన్నర మెట్టు కనిపిస్తే మిగతాది రోడ్డూ గచ్చూ మింగేశాయి. గోడలోకి నేల చెమ్మ ఎక్కకుండా బేస్‌మెంటు మీద వేసిన పొర ఆ గచ్చు కిందకి వెళ్లిపోయి ఉంటే, ఇందాకటి టైల్స్ ఎందుకు అంటించారో అర్థమైపోతుంది. గచ్చు ఇంటివైపు వాలి ఉందా రోడ్డువైపా అని బకెట్ నీళ్లు పోసి చూడొచ్చు.

పిట్టగోడ మీద రావి మొక్క ఉంటే ఒకసారి ఆకులు తెంపి మర్చిపోకూడదు, వేరు గోడలోకి ఎంత దిగిందో చూడాలి. టేకు చట్రాల అడుగు మూలలు, ఊచలు దిగిన చోట, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. ఊచ తుప్పు పట్టి ఉబ్బితే చెక్క నిలువునా చీలుతుంది. మిగతా చట్రం గట్టిగా ఉంటే అడుగు ముక్క అతికించుకోవచ్చు, ఆ కాలపు టేకు ఇప్పుడు కొనలేం. ప్రహరీ వంగితే అది వేపచెట్టు పని, ప్రహరీకి ఇంటి ధరలో ఎంత లెక్కేసుకోవాలో మీకు తెలుసు.

ఎప్పుడు వెళ్లాలి అంటే, రెండుసార్లు వెళ్లండి. వాన కురిసి వెలిసిన మర్నాడు ఒకసారి. గోడ అంతా ఆరినా ఆరని చోట్లు మ్యాపులా కనిపిస్తాయి. ఇంకోసారి పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళకి. గోడకి చెంప ఆనించినట్టు నిలబడి దాని పొడుగునా చూస్తే ఉబ్బులూ, అతుకు పూతలూ అన్నీ నీడలు పడి బయటపడతాయి. ఎదురుగా నిలబడితే ఏమీ కనిపించవు. గోడ నీడపట్టున ఉంటే ఫోను లైటు గోడకి ఆనించి వేసినా అంతే. సముద్రం తూర్పు, దక్షిణాల వైపు ఉంది కాబట్టి ఆ రెండు గోడల మీద ఎక్కువ టైము పెట్టండి. పడమటి గోడ బాగుందని మురిసిపోకండి, అది ఏ ఇంటికైనా బాగానే ఉంటుంది.

సందు చివర ఇస్త్రీ బండి ఆయనో, ఎదురింటి ముసలావిడో ఉంటారు. "2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టినప్పుడు ఈ ఇంటికి ఏం పోయింది?" అని అడగండి. మన ఊళ్లో ఆ రోజు ఎవరూ మర్చిపోలేదు. ఏ చెట్టు ఏ గోడ మీద పడింది, ఎన్నాళ్లు కప్పు మీద టార్పాలిన్ ఉంది, ఎవరు రిపేరు చేశారు, అన్నీ చెప్తారు. ఇంటి యజమాని అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ ఆయన దృష్టిలో అది "చిన్న రిపేరు".

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) వకీలు చూసుకుంటాడు, నేను అందులో వేలు పెట్టను.

ధర విషయంలో నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తాను. సన్‌షేడ్ల పైభాగాలు బాగుండి, ఏటవాలు పగులు లేకపోతే, స్థలం రేటుకి ఆ ఇల్లు వదులుకోవద్దు. పోర్టికో గుండ్రటి అంచు, జాలీలు, ఆ అంకెల పిట్టగోడ ఇప్పుడు కట్టించాలంటే కట్టే చెయ్యి దొరకదు. షెడ్డు, నల్లద్దాలు, టైల్స్ తీయించి, గాడులు చెక్కించి, తెల్లగా సున్నం వేయించి అప్పుడు మీ ఆవిడని మళ్లీ రోడ్డు అవతల నిలబెట్టండి. అప్పటికీ ఆఫీసులాగే ఉందంటే నేనేం చెయ్యలేను. సన్‌షేడ్లలో సగం వాటికి పైభాగాన గీతలు ఉంటే మాత్రం అవన్నీ పడగొట్టి కొత్తవి పోయించే ఖర్చు మీరు నమ్మే మేస్త్రీ చేత రాయించి, ఆ కాగితం ముందు పెట్టి బేరమాడండి.

డాబా మీద నుంచి కిందకి వంగి చూస్తే కింది సన్‌షేడ్ల పైభాగం మొత్తం కనిపిస్తుంది, నిచ్చెన అక్కర్లేదు. ఆదివారం వెళ్తున్నానన్నారు కదా, అక్కడి నుంచి నాలుగు ఫొటోలు, వెనక సందులో నాలుగు తీసి ఇక్కడే పెట్టండి. తూర్పు వైపు రెండో కిటికీ సన్‌షేడ్ మీద నాకు ఇప్పటికే అనుమానంగా ఉంది, దాని అంచు మిగతా వాటికన్నా వేలెడు కిందకి ఉంది. అది మాత్రం గోడ మొదలు దగ్గర కనిపించేలా తీయండి.